జూలియను దర్శనగ్రంథము: భయశాంతముల విచారము

భయానకమును శాంతమును బరస్పరవిరోధము గల రసములని సాహిత్యదర్పణకారుఁడు నిర్ణయించెను. లోకానుభవము నీ నిర్ణయమునకు సాక్ష్యమే పలుకుచున్నది. వణఁకుచున్నవానికి శమ మెక్కడిది? శమము గలవాఁ డేల వణఁకును? కాని భయకాలమునఁ బుట్టి, భయమును దాఁచక చెప్పి, ఆ భయమునుండియే చదువరిని శమమునకుఁ గొనిపోవు గ్రంథములు కొన్ని లోకమునఁ గలవు. అట్టివి యెదురైనపుడు లక్షణమును సవరించుకొనవలయునో, గ్రంథమునందు దోష మెన్నవలయునో విమర్శకుఁడు తేల్చుకొనక తప్పదు. ఇంగ్లండుదేశమున నార్విచి నగరమందు వసించిన జూలియను అను క్రైస్తవసాధ్వి తన దేశభాషలో రచించిన దైవప్రేమదర్శనముల గ్రంథ మట్టిది. ఆమెకు దర్శనములు కలిగినది 14వ శతాబ్దమున. దర్పణకర్తయైన విశ్వనాథకవిరాజు కళింగమున నుండినదియు నా శతాబ్దముననే. ఒకరినొక రెఱుఁగని యా యిరువురిని ఒక ప్రశ్నకడ నెదురెదురుగా నిలిపి చూచుట యీ వ్యాసమున కుద్దేశము.

తుద కన్నియు మేలగునను తాత్పర్యము గల వాక్య మొకటి యీ గ్రంథమునుండి వేఱుచేయఁబడి, నేఁడు గోడపటములమీఁదను శుభాకాంక్షల పత్రములమీఁదను గానవచ్చుచున్నది. ఈ వ్యాసకర్తయుఁ దొలుత నా వాక్యమునే యెఱిఁగి, కష్ట మెఱుఁగనివారు కష్టపడువారికిఁ జెప్పు చౌక యోదార్పని తలంచెను. గ్రంథమంతయుఁ జదివిన పిమ్మట నా తలంపు నిలువలేదు. అది యేల నిలువలేదో యిం దించుక విస్తరించి చెప్పెదను.

కర్త్రి, కాలము

ఈమె స్వనామ మేదియో నిశ్చయముగాఁ దెలియదు. నార్విచిలోఁ బరిశుద్ధ జూలియను పేరిటి దేవాలయము గోడ నానుకొనియున్న చిన్న గదిలో నీమె యేకాంతవాసము చేసెను గావున, ఆ దేవాలయము పేరే యీమెకు వాడుకయైనదని పలువు రందురు. అట్టి యేకాంతవాసినులు ఒకమాఱు గదిఁ బ్రవేశించిరేని మరల వెలికి రారాదు. దేవాలయమువైపు నొక కిటికీయు, ఆలోచన యడుగవచ్చువారికై వేఱొక కిటికీయు నుండుట యాచారము. 1394 మొదలు 1416 వఱకుఁ గల కొన్ని మరణశాసనములలో నీమె పోషణార్థము ధనము విడిచిన మాట గలదు. సుమారు 1413లో మార్జరీ కెంపు అను నామె యీ కిటికీకడకు వచ్చి యాలోచన యడిగినట్లు తన చరిత్రమునఁ జెప్పించుకొన్నది. ఆంగ్లమున గ్రంథము రచించిన స్త్రీలలో మనకుఁ దెలిసినంతవఱకు మొదటిది జూలియనే.

ఈమె జన్మము 1342వ సంవత్సరపుఁ జివర. నార్విచిని మహామారి సోఁకినది 1349లో. అప్పటి కీమె యాఱేండ్ల బాలిక. దేశమున మూఁడవవంతునకుఁ దక్కువగాని జనము నశించినది. అదే తెగులు 1361లోను 1369లోను మరల వచ్చెను. 1378లోఁ బశ్చిమక్రైస్తవసంఘము రెండు పోపు పీఠములుగాఁ జీలెను. 1381లో రైతులు తిరుగఁబడఁగా నార్విచి బిషపు హెన్రీ డిస్పెన్సరు స్వయముగా నాయుధము పట్టి యా తిరుగుబాటు నడఁచెను. 1401లో మతవిరోధులను సజీవముగా దహింపవచ్చునని శాసన మేర్పడెను.

ఇన్ని భీతులనడుమ వ్రాయఁబడినను ఈ గ్రంథమున మహామారి మాటగాని, తిరుగుబాటు మాటగాని యొక్కటియు లేదు. కావున నీ సాధ్వి యేకాలపు భీతికి బదులు చెప్పుచున్నదో యూహింపవచ్చును గాని, గ్రంథవాక్యమువలె నిరూపింపఁజాలము. ఆమె యుద్దేశించిన భయము ప్రతి మనుష్యునిదియు నగుటకై కాలచిహ్నములు విడువఁబడెనని మాత్రము చెప్పుట యుక్తము. ఈ యుక్తికి బలము పాఠముల పరిశీలనమువలనఁ గలుగఁగలదు.

పాఠద్వయము

గ్రంథమునకు రెండు పాఠములు గలవు. సంక్షిప్తపాఠ మిరువదియైదధ్యాయములు గలది. విపులపాఠ మెనుబదియా ఱధ్యాయములు గలది. విపులపాఠమును సెరెనసు క్రెస్సీ 1670లో మొదట ముద్రించెను. సంక్షిప్తపాఠము 1909లో నొక ప్రభువు గ్రంథాలయ మమ్ముడు పోయినపుడు వెలికి వచ్చి 1911లో ముద్రితమయ్యెను. దర్శనమునకుఁ బిమ్మట పదునైదేండ్లకుఁ బైగా దాని యర్థమునకై వేఁడితిననియు, ఒక దృష్టాంతము విషయమున నిరువదియేండ్లకు మూఁడుమాసములు తక్కువగా నంతరోపదేశము పొందితిననియు విపులపాఠమున నామె చెప్పుకొన్నది. కనుక రెండవ పాఠము మొదటిదానికి వ్యాఖ్య వంటిది. ఆ వ్యాఖ్యకర్త్రియు మూలకర్త్రియే.

రెండింటికిని గల భేదములలో మూఁడు మన విచారమునకు ముఖ్యములు. మొదటిది. సంక్షిప్తపాఠమున రోగిష్ఠి మంచముకడ నామె తల్లి నిలిచియుండి, కూఁతురు మరణించెనని తలంచి కన్నులు మూయఁ జేయి సాఁచెను. విపులపాఠమున నీ తల్లి కానరాదు. తాను బలహీనయైన స్త్రీ నను క్షమార్పణవాక్యములును గానరావు. దానికి మాఱుగాఁ క్రీస్తు తల్లియను భావ మధ్యాయములకొలఁది విస్తరింపఁబడినది. సొంత తల్లి తొలఁగినచోటనే యందఱి తల్లి ప్రవేశించినదనుట యూహయే యైనను, చదువరి దాని నంత తేలికగాఁ ద్రోసివేయఁజాలఁడు. రెండవది. సంక్షిప్తపాఠము భయభేదముల విచారముతో ముగియును; విపులపాఠము ప్రేమయే దర్శనమున కంతటికిని దాత్పర్యమని చెప్పి ముగియును. మూఁడవది. విపులపాఠము మొదటి యధ్యాయముననే పదునాఱు దర్శనములకును అనుక్రమణిక గలదు. సంక్షిప్తపాఠమున నది లేదు.

భట్టనాయకుఁడు చెప్పిన సాధారణీకరణ మిదియే గదా! ఒక యింటి మంచముమీఁది భయ మందఱి భయమగుటకు విశేషములు తొలఁగవలయును. ఈ దర్శనము నాకొఱకే కాదు, నా తోడి క్రైస్తవులందఱికొఱకు నని జూలియను పలుమాఱులు చెప్పును. తన కిష్టమైన యొక వ్యక్తి సన్మార్గమున నిలుచునా యని యామె యడుగఁగాఁ, బ్రత్యేకముగ నేమియుఁ దెలుపఁబడదయ్యెను. విశేషముగాఁ గాక సామాన్యముగా గ్రహింపుమని బోధ కలిగెను. అడిగిన ప్రశ్నకు బదులు రాలేదని దాఁపక వ్రాయుట యీ గ్రంథమందలి సత్యనిష్ఠకు నిదర్శనము.

దర్శనవృత్తాంతము

1373వ సంవత్సరము మే మాసమున, ముప్పదియున్నరయేండ్ల వయస్సున, నామెకుఁ దీవ్రరోగము కలిగెను. తేదిని గూర్చి లిఖితప్రతులు భిన్నములు. ఒకట 8, ఒకట 13. మూఁడు దినము లయినపిమ్మట నాలుగవరాత్రి యంత్యసంస్కారమును గైకొనెను. నడుమునుండి క్రిందిభాగము చచ్చుపడెను. పాదిరి వచ్చి సిలువప్రతిమను ముఖమునకెదుట నుంచి దానిని జూడుమనెను. ఆమె చూపు లప్పటికే మీఁదికి, స్వర్గమువైపునకు, నిలిచియుండెను. అది చాలునని తలంచియు, ఎదుటికిఁ జూచుట మఱికొంతసేపు సాధ్యమగునని ప్రతిమను జూచెను. గది యంతయు రాత్రివలెఁ జీఁకటియై ప్రతిమమీఁద మాత్రము వెలుఁగు నిలిచెను. ఆ వెలుఁగు చుట్టు నున్నదంతయు పిశాచములతో నిండినట్లు భీకరమై తోఁచెను. అంతట నొప్పి హఠాత్తుగాఁ దొలఁగి, ముండ్లకిరీటముక్రింద రక్తము కాఱుట కనఁబడెను.

ఇచట గమనింపవలసినది యొక్కటి. భయము తొలఁగినపిమ్మట దర్శనము రాలేదు. చీఁకటి చుట్టు నుండఁగనే నడుమ వెలుఁగు నిలిచెను. గ్రంథమున భయశాంతముల సంబంధమంతయు నీ చిత్రమున నిమిడియున్నది.

తరువాతి దర్శనములలో, సృష్టి యంతయు నరచేతిలో హేజెలుకాయ యంత, మన రేఁగుకాయ యంత యనవచ్చును, గుండ్రని చిన్న వస్తువుగాఁ గనఁబడెను. అంత యల్పవస్తువు నశింపక యెట్లు నిలిచినదని యామె యాశ్చర్యపడఁగా, దైవము ప్రేమించుటచేతనే నిలిచియున్నదని తోఁచెను. ఏడవ దర్శనమున సుఖదుఃఖములు సుమా రిరువదిమాఱు లొకదానివెంట నొకటి వచ్చెను. సుఖమున నున్నపుడు తన్నేదియు దైవమునుండి వేఱుచేయఁజాలదని పౌలు చెప్పినట్లు చెప్పఁగలిగియుందుననియు, దుఃఖమున నున్నపుడు మునుఁగుచున్న పేతురువలె రక్షింపుమని యఱచియుందుననియు నామె వ్రాసినది. ఎనిమిదవ దర్శనమున మరణించుచున్న క్రీస్తు ముఖము వివర్ణమగుటను జూడలేక, సిలువను విడిచి మీఁది స్వర్గమును జూడుమని మనస్సు ప్రేరేపించినపుడు, బాధపడుచున్న యా ముఖమే తనకు స్వర్గమని నిశ్చయించుకొన్నది. తొలుత మీఁదికిఁ జూచిన చూపు లిపు డెదుటనే నిలిచినవి. భయమునుండి తప్పించుకొను శాంతికిని, భయమునెదుట నిలుచు శాంతికిని గల భేదము నింతకన్న స్పష్టముగాఁ జెప్పుట కష్టము.

పదునైదవ దర్శన మైనపిమ్మట రోగము తిరిగి వచ్చెను. ఒక సన్న్యాసి కుశల మడుగఁగా, నేఁడు మతిచలించి పలవరించితి ననెను. అతఁడు నవ్వెను. సిలువనుండి రక్తము కాఱినట్లు తోఁచినదని యనఁగానే యతఁడు గంభీరుఁ డయ్యెను. అతఁడు నమ్మినదానిని దానే నమ్మనైతినని యామె సిగ్గుపడెను. ఆ రాత్రి నిద్రలో సాతాను గొంతు నులిమినట్లయ్యెను. మేల్కొన్నపిమ్మట పొగయు దుర్గంధమును దోఁచెను. పిదపఁ బదునాఱవ దర్శనమునఁ దన యాత్మ విశాలనగరమై, దాని నడుమ ప్రభువు కూర్చుండియుండుట కనఁబడెను. తుపానులు రావని యామెకు మాట యియ్యఁబడలేదు. శ్రమయు వ్యాధియుఁ గలుగవని యియ్యఁబడలేదు. వానిచే నోడింపఁబడవని మాత్ర మియ్యఁబడెను. దర్శనములు గతించినపిమ్మట నే గుర్తును మిగులలేదనియు, విశ్వాసమొక్కటియే వానిని నిలిపికొన్నదనియు నామె మాట.

మన పోతనామాత్యుని గజేంద్రునియందును భయము, బలక్షయము, దైవము కలఁడో లేఁడో యను సంశయము, పిదప శరణాగతి క్రమముగా నున్నవి. కాని యచట మకరము చచ్చును. ఇచట మకరము మరల వచ్చునని ముందుగనే చెప్పఁబడినది. ఈ భేదమువలన నొకటి యెక్కువ, యొకటి తక్కువ యని కాదు. భాగవతకవి చెప్పినది విమోచనము, జూలియను చెప్పినది సహనమునందలి స్థైర్యము.

చతుర్విధభయము

విపులపాఠపు 74వ యధ్యాయమున భయమును నాలుగు విధములుగా విభజించిన తీరు మన లక్షణకర్తలకుఁ బ్రీతి కలిగింపఁదగినది. మొదటిది దౌర్బల్యముచే నాకస్మికముగఁ గలుగు త్రాసము. ఇది వ్యాధివలె నోర్చుకొన్నచో శుద్ధి కలిగించును. రెండవది బాధాభయము. పాపనిద్రలో నున్నవానిని మేల్కొలుపుటకు నిది యుపకరించును. మూఁడవది సంశయభయము. ఇది నిరాశకు లాగునది. ప్రేమజ్ఞానముచేఁ బ్రేమగా మాఱవలసినది. నాలుగవది పూజ్యభయము. దైవమునకు సంపూర్ణముగఁ బ్రీతికరమైన భయ మిదియొక్కటియే. ప్రేమ మాధుర్యముచే నిది యెంత హెచ్చునో యంత మెత్తనై తోఁచును. భయప్రేమలు సోదరులని యామె యనును. మంచిది కానిదానినుండి పరుగిడి, శిశువు తల్లి యొడిఁ జేరునట్లు ప్రభువును జేర్చు భయమే మంచిదని గుఱుతు చెప్పును.

భయమును మొత్తముగాఁ బాపమని త్రోసివేయకుండుట యిందలి ప్రజ్ఞ. భయపడువానికి భయపడకుమని చెప్పినచో నతనికి భయముతోఁ గూడ సిగ్గును గలుగును. నీ భయ మేజాతిదియో చూచుకొమ్మని చెప్పినచోఁ జేయవలసిన పని యొకటి దొరకును.

ఆక్షేపము

ఇంతవఱకు గుణములు. ఒక బలమైన యాక్షేపమును విడువరాదు. పాపము ముందుగనే యేల వారింపఁబడలేదని జూలియను స్వయముగా నడుగును. పాపమునకు నొక యవసరము గలదనియుఁ, దుద కన్నియు మేలగుననియు నుత్తరము వచ్చెను. కాని యనేకులు శాశ్వతదండనకుఁ బోదురని సంఘబోధ; ఆ బోధను దాను నమ్ముదునని యామె చెప్పును. రెండును నెట్లు పొసఁగును? అంత్యదినమున దైవము చేయఁబోవు మహాకార్యమొకటి గలదనియు, నది యేదియో యిపుడు దెలియరాదనియు మాత్ర మామె యనును. తర్కదృష్టి కిది సమాధానము గాదు.

ఇచట మన భాషలోని యొక మాట తోడ్పడును. తెలుగు బైబిలు ననువదించినవారు కొన్నిచోట్ల శాంతి యనియుఁ గొన్నిచోట్ల సమాధానమనియు నొకే భావమునకు వాడిరి. సమాధానమనఁగా లోకవ్యవహారమునఁ బ్రశ్నకు బదులు; వేదాంతమున శమాదిషట్కములోఁ జివరిదైన చిత్తస్థైర్యము. జూలియనుకు మొదటి సమాధానము దొరకలేదు, రెండవది దొరకినది. బదులు వచ్చినందువలనఁ గాక, బదులియ్యఁగలవాఁడు తన్నుఁ బ్రేమించువాఁడని తెలిసినందువలనఁ జిత్తము నిలిచినది. విపులపాఠమున మాత్రమే గల ప్రభుసేవకదృష్టాంతము దీనిని వివరించుచున్నది. ప్రభువు పని మీఁద నుత్సాహముతోఁ బరుగిడిన సేవకుఁడు గోతిలోఁ బడును. దెబ్బలకన్న నతనికిఁ బెద్దబాధ యేదనఁగా, ముఖము త్రిప్పి దగ్గఱనే యున్న ప్రభువును జూడలేకపోవుట. ప్రభువు మాత్రము కోపములేక జాలితో వానినే చూచుచుండెను. భయమనునది ప్రభువు దూరమగుటవలనఁ గలుగలేదు. చూపు తిరుగకపోవుటవలనఁ గలిగినది. ఇరువదియేండ్లు మననము చేసి యామె చేరిన యర్థ మిది.

ద్వితీయవస్తువు నుండియే భయమని బృహదారణ్యకము చెప్పుచున్నది. ఆ మార్గమున రెండవది లేదను నెఱుకయే యభయము. జూలియను మార్గమున రెండవవాఁడు విడువఁడను నమ్మికయే యభయము. రెండు మార్గములను గలిపివేయుట పాండిత్యము గాదు. భేద మెఱిఁగినపుడే రెండింటి గౌరవమును దెలియును.

వాక్యరచనయందును దోషము లేకపోలేదు. ఒకే యర్థము సంఖ్యావిభాగములతో మరల మరల వచ్చుట తఱచు. మూఁడింటిని నాలుగుగాను, నాలుగింటిని మరల మూఁడుగాను జెప్పుచోట్లఁ జదువరికి విసువు కలుగును.

రసనిర్ణయము

ఇఁక మొదటి ప్రశ్నకు వత్తము. ఇది కావ్యము గాదు, రసవిచార మిందేల యని కొంద ఱనవచ్చును. కర్త్రి యనుభవము లౌకికమే. కాని పాఠపరిష్కరణమున నది సాధారణీకృతమైనదని పైనఁ జూపితిమి. కావున సహృదయుని యనుభవమును విచారించుట కడ్డులేదు.

ప్రధానరసము లబ్ధప్రతిష్ఠమైనపిమ్మట విరోధిరసములు బాధ్యములుగనో యంగములుగనో వచ్చినచో దోషము లేదని యానందవర్ధనుఁడు మూఁడవ యుద్ద్యోతమునఁ జెప్పెను. జూలియను చతుర్విధభయము దీనితోఁ జక్కఁగాఁ బొసఁగుచున్నది. త్రాసమును బాధాభయమును శుద్ధిని మేల్కొలుపును గలిగించుటచే శాంతమున కంగములు. సంశయభయము బాధ్యము, ప్రేమజ్ఞానముచే జయింపఁబడునది. పూజ్యభయము భయమని పేరు గలదే కాని భక్తియే. భక్తిశ్రద్ధలు శాంతమున కంగములని యభినవగుప్తుఁ డంగీకరించెను.

కాని యేడవ దర్శనమున సుఖదుఃఖము లిరువదిమాఱులు మాఱునపుడు శాంతము ప్రతిష్ఠితమైనదా? కథాక్రమమున నింకను గాలేదు. సంక్షిప్తపాఠమును మాత్రమే చదివినచో నీ దోషమును మాన్పలేము. విపులపాఠమున ననుక్రమణిక ముందే యున్నది. సాతాను గొంతు పట్టుటకు నెంతయో ముందే, పదునాఱవ దర్శనమున ప్రభు వాత్మయందు నివసించునని చదువరి యెఱుఁగును. భయము తొలుత వచ్చినను శాంతమే ముందు నిలిచినది. ఆ యనుక్రమణికను విషయసూచికగా మాత్రమే చూచువారు దాని ప్రయోజనమును గానలేదని చెప్పక తప్పదు. విశ్వాసమనునదియు నిట్టిదే కదా. తుది నెఱిఁగి నడుమ వణఁకుట.

కాఁబట్టి విశ్వనాథుని లక్షణము సామాన్యముగా నిలుచును. ఆనందవర్ధనుని యపవాదము దాని హద్దు చూపును. జూలియను గ్రంథ మా యపవాదమునకు నుత్తమోదాహరణము. వడవడ వణఁకుట మానినపిమ్మటఁ గలుగు శాంతమొకటి. వణఁకుచున్న చేయిని వేఱొకరు పట్టుకొన్నపుడు కలుగు శాంతమొకటి. రెండవదానికి మన యలంకారశాస్త్రమునఁ బ్రత్యేకనామము లేదు. లక్ష్యము మాత్రము గలదు.

1942లో టి. ఎస్. ఎలియటు తన లిటిల్ గిడ్డింగు కావ్యమున జూలియను వాక్యమును గైకొనెను. లండనుమీఁద బాంబులు పడిన దినము లప్పటి కింకను మఱపునకు రాలేదు. అదే సంవత్సరము జూను మాసమున నార్విచిలోని యా దేవాలయమును బాంబుచే ధ్వస్తమయ్యెను. 1953లో మరలఁ గట్టిరి. గోడలు కూలినను గ్రంథము నిలిచినదని పొగడుట సులభము. కాని గోడ కూలదని జూలియను ఎన్నఁడును జెప్పలేదు. ఆ మాట చెప్పకపోవుటచేతనే యామె చెప్పిన తక్కినమాటను నమ్మఁగలుగుచున్నాము.